గోల్ పోస్టుల మధ్య రేడియో

మా మిల్లు ఫుట్‌బాల్ జట్టు గోల్‌కీపర్ కరీముద్దీన్ రెండు కొయ్యల మధ్య నిలబడ్డాడంటే ఇక నోరు మూసేవాడు కాదు. తొంభై నిమిషాల ఆటలో తొంభై నిమిషాలూ మాట్లాడేవాడు. బంతి అవతలి గోలు దగ్గరున్నా మాట్లాడేవాడు, తన చేతుల్లో ఉన్నా మాట్లాడేవాడు. ఎప్పుడైనా ఖర్మ కాలి అది తన తలమీదుగా వలలోకి పోతుంటే దానికి కూడా ఏదో ఒక మాట చెప్పి పంపేవాడు. వరంగల్‌లో ఆయన్ని కరీముద్దీన్ అన్నది రేషన్ కార్డు ఒక్కటే. మిగతా ఊరికంతా ఆయన రేడియో కరీం.

నేను ఆ జట్టులో చేరింది 1975లో. నా పేరు యాదగిరి. మిల్లు మగ్గాల షెడ్డులో కొత్తగా పనికి కుదిరాను. మైదానం మధ్యలో ఆడేవాణ్ణి. అంటే, ముందు గోలు కొట్టినవాళ్ల పేర్లు పేపర్లో పడేవి, వెనక గోలు ఆపిన కరీం పేరు పడేది, మధ్యలో ఉన్న నేను ఆ పేపరు కొనుక్కునేవాణ్ణి.

కరీం మనిషి తాటిచెట్టంత పొడుగు. అరచేతులు చేటలంత ఉండేవి. నేను చేరాక మొదటి ఐదేళ్లలో ఆయన ఆపిన పెనాల్టీలు పదకొండు. ఆదిలాబాద్ నుంచి నల్లగొండ దాకా ఏ ఊళ్లో ఆడటానికి వెళ్లినా, అక్కడి పిల్లలు మమ్మల్ని తోసుకుంటూ పోయి ఆయన చేతుల్ని ముట్టుకుని చూసేవారు. అయితే ఆ పదకొండిటిలో చేతులతో ఆపినవి ఎన్ని, నోటితో ఆపినవి ఎన్ని అంటే నేను ప్రమాణం చేసి చెప్పలేను.

ఒకసారి ఖమ్మం జట్టుతో ఆట. వాళ్ల ఫార్వర్డ్ కుర్రాడు పెనాల్టీ కొట్టడానికి బంతి పెట్టి నాలుగడుగులు వెనక్కి వేశాడు. కరీం నడుం మీద చేతులు పెట్టుకుని అడిగాడు.

"తమ్మీ, ఏ ఊరు మనది?"

కుర్రాడు జవాబు చెప్పకుండా ఉండాల్సింది. మర్యాద గల ఇంటి పిల్లవాడు. "మధిర" అన్నాడు.

"మధిర పిలగానివా! మంచిది. సూడు తమ్మీ, నువ్వు ఎడమ దిక్కు కొడతవని నాకెరికే. నాకెరికున్నదని నీకు తెల్సింది గనక ఇప్పుడు కుడి దిక్కు కొడదామనుకుంటానవ్. గది గూడ నాకెరికే. ఇగ నువ్వే సోంచాయించుకో. తొందరేం లేదు."

ఆ అబ్బాయి నిజంగానే ఆలోచించుకున్నాడు. రిఫరీ రెండోసారి విజిలు వేసేదాకా ఆలోచించాడు. ఆఖరికి ఎటూ కాకుండా సరిగ్గా మధ్యలోకి కొట్టాడు. బంతి కరీం గుండెల మీదికి వచ్చి ఆగింది.

"మంచిగ కొట్టినవ్ బిడ్డా. మీ అమ్మకు సలాం చెప్పిన్నని చెప్పు" అన్నాడు కరీం, బంతిని చంకలో పెట్టుకుని.

మా ఆటలు చూడటానికి వచ్చే జనం మైదానం పక్కన కూర్చునేవారు కాదు. కరీం గోలు వెనక కూర్చునేవారు. సగం ఆటయ్యాక రెండు జట్లూ కొసలు మారతాయి కదా, అప్పుడు జనం కూడా తువ్వాళ్లు దులుపుకుని, సద్దిగిన్నెలు చేతపట్టుకుని, కరీం వెంట అవతలి కొసకు నడిచేవారు. కేసముద్రం మార్కెట్ యార్డు నుంచి పదిమంది హమాలీలు ఆదివారం రైలెక్కి వచ్చేవారు. "అంత దూరం నుంచి ఆట చూడటానికి వస్తున్నారా?" అని అడిగితే వాళ్లలో పెద్దాయన రాయమల్లు, "సూడనీకి ఎవలొస్తరయ్యా, ఇననీకి ఒస్తానం" అన్నాడు.

వినడానికి అందులో లేనిదంటూ ఉండేది కాదు. ఎవరి బర్రె ఈనింది, ఏ వాడలో ఎవరి లగ్గం కుదిరింది, ఏ బస్సు ఏ టైముకు, పత్తి ఎంత పలికింది, అన్నీ ఆటతో కలిసిపోయి వచ్చేవి. మేడారం జాతర నెలలో ఒక మ్యాచ్ జరుగుతుంటే, మా ఊరి రిఫరీయే పరుగెత్తుతూ పరుగెత్తుతూ కరీం దగ్గర ఆగాడు.

"కరీం, మేడారం బస్సులు పొద్దుగాల ఎన్నింటి సంది ఉన్నయ్?"

"నాలుగింటి సంది సార్. గని జర వంగుండ్రి, బంతి మీ నెత్తి మీదికే ఒస్తాంది."

రిఫరీ వంగాడు. కరీం ఆయన వీపు మీదుగా దూకి బంతి పట్టుకున్నాడు.

ఇంత మాటకారి, మైదానం దాటాడంటే మూగవాడే. మగ్గాల షెడ్డులో ఎలాగూ ఎవరి మాటా ఎవరికీ వినపడదు, అందరం సైగలతోనే బతికేవాళ్లం. చాయ్ దుకాణంలో కూడా ఆయన గ్లాసు వంక చూస్తూ కూర్చునేవాడు. ఆయన భార్య హలీమాబీ మా వాళ్లతో అనేది: "ఇంట్ల ఉప్పు కావాల్నన్నా ఏలు సూపిస్తడు. ఆదివారం మైదానంల అన్ని మాటలు యాడికెల్లి ఒస్తయో నాకైతె సమజ్ కాదు." వారమంతా పోగుచేసుకుని ఆదివారం గుమ్మరిస్తాడని మాలో మేము నవ్వుకునేవాళ్లం.

ఆ గుమ్మరింపులో ఎక్కువ వంతు పడేది ఒక్క మనిషి మీద. ఆయన మా లెఫ్ట్ బ్యాక్ ఉప్పలయ్య. కరీంకు ఎడమవైపు ముందు నిలబడి గోలుకు కాపలా కాసేవాడు. షెడ్డులో కూడా వాళ్లిద్దరివీ పక్కపక్క మగ్గాలే. గట్టి మనిషి, నెమ్మదస్తుడు, కరీం కంటే కొన్నేళ్లు పెద్ద. అలాంటివాణ్ణి కరీం ఆట మొదలైన దగ్గర్నుంచి అత్తగారి పేరు పెట్టి వేపుకు తినేవాడు.

"ఉప్పలన్నా, అత్తొచ్చింది! అత్త దగ్గరికొచ్చింది!"

"ఉప్పలన్నా, బామ్మర్ది దిగుతాండు, పైకెల్లి దిగుతాండు!"

"ఇగ ఫికర్ లేదన్నా, అత్త ఊరికి పోయింది."

జనం పడీ పడీ నవ్వేవారు. నాకు మాత్రం మనసులో బాధగా ఉండేది. పెద్దమనిషిని నలుగురిలో గేలి చేయడమేమిటి? ఒకరోజు ఉండబట్టలేక కరీంతో అన్నాను: "భాయ్, ఉప్పలన్నను గట్ల అత్తగారి పేరుతోని ఆడిచ్చుడు మంచిగలేదు." ఆయన చాయ్ గ్లాసులోంచి తలెత్తి, "గట్లనా" అన్నాడు. అంతే. మరుసటి ఆదివారం అత్త ఎప్పటికంటే ఎక్కువసార్లు వచ్చింది.

ఒకరోజు నిజం అత్తే వచ్చింది. ఉప్పలయ్య అత్తగారు బక్కమ్మ, అల్లుడి ఆట ఎలా ఉంటుందో చూద్దామని ఊరి నుంచి వచ్చి గట్టు మీద కూర్చుంది. కూర్చున్నప్పటి నుంచీ "అత్తొచ్చింది, అత్తొచ్చింది" అని కేకలు. ఆమె మొదట కొంగు సర్దుకుంది. పది నిమిషాలకు లేచి నిలబడింది. ఆట అయిపోగానే తిన్నగా గోలు దగ్గరికి నడిచింది.

"ఏందయ్యా, ఒచ్చిన. అయితేంది? నేను గాడ కూసున్న కాడ కూసున్న, ఊకె ఒచ్చింది ఒచ్చిందంటవ్! మల్ల ఊరికి పోయిందంటవ్! ఎవడు పోయిండు ఊరికి?"

అంతవరకు గొంతు ఆగని మనిషి రెండు చేతులూ జోడించి, మెడ దాకా ఎర్రబడి, ఒక్క మాట కూడా పలకలేక నిలబడ్డాడు. ఉప్పలయ్య నేలమీద కూలబడి కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. అల్లుడే నవ్వుతుంటే ఇక తనకేమిటని కాబోలు, బక్కమ్మ కూడా నవ్వి, "పిచ్చోడున్నట్టున్నడు పాపం" అని వెళ్లిపోయింది.

1979లో మా మిల్లు జట్టు రాష్ట్రస్థాయి పోటీలో ఫైనలుకు వచ్చింది. ఆట హన్మకొండలో. అవతల సికింద్రాబాద్ జట్టు. చెట్ల మీదా గోడల మీదా జనం. రాష్ట్ర జట్టుకు ఆటగాళ్లను ఎంపిక చేసే పెద్దమనిషి ఒకాయన హైదరాబాద్ నుంచి వచ్చి ముందువరస కుర్చీలో కూర్చున్నాడు. ఆయన వచ్చింది కరీం కోసమని అందరికీ తెలుసు. కరీంకు అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు. ఇప్పుడు పిలుపు రాకపోతే ఇక రాదు. ఆ సంగతీ అందరికీ తెలుసు.

రిఫరీ కిషన్ రావు కూడా బయటివాడే. ఇస్త్రీ నలగని నిక్కరు, నవ్వు ఎరగని ముఖం. ఆయనకు మేడారం బస్సులతో పని లేదు.

ఆట మొదలైన ఇరవై నిమిషాలకు మేం ఒక గోలు కొట్టాం. కరీం మంచి ఊపు మీద ఉన్నాడు. సికింద్రాబాద్ జట్టు రైట్ అవుట్, అంటే మా ఎడమ గీత వెంట దూసుకొచ్చే కుర్రాడు, మెరుపులాంటివాడు. వాడు కదిలినప్పుడల్లా "అత్తొచ్చింది!" అని కేక. ఉప్పలయ్య కాలు అడ్డం పెట్టడం, వాడు బోల్తా పడటం. నాలుగోసారి బోల్తా పడ్డాక వాడు లేచి రిఫరీ దగ్గరికి పోయాడు.

"సార్, ఈయన ఊకె అత్త అత్త అంటాండు. నన్నే అంటాండు. నాకు లగ్గమే కాలె సార్!"

కిషన్ రావు కరీం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మాటలతో ఎదుటివాళ్ల ఆట చెడగొట్టడం తప్పు. తెలుసా?"

"నేను మా ఉప్పలన్నతోని మాట్లాడ్తున్న సార్."

"ఎవరితోనూ మాట్లాడొద్దు" అని జేబులోంచి పసుపు కార్డు తీసి చూపించాడు. "ఇంకొకసారి నోరు తెరిచావంటే బయటికి పంపుతాను."

కరీం ఉప్పలయ్య వైపు చూశాడు. ఉప్పలయ్య కరీం వైపు చూశాడు. ఆ చూపు నేను చూశాను. కప్పు గురించి భయపడుతున్నారనుకున్నాను.

రెండో సగంలో కరీం నోరు మూసుకున్నాడు. ఏళ్లుగా అలవాటైన ఆ గొంతు ఆగిపోయేసరికి మైదానం శుభకార్యం ఆగిపోయిన ఇల్లులా అయింది. గోలు వెనక ఎవరో, "రేడియో బంద్ అయిందిరో!" అని అరిచారు. ఎవరూ నవ్వలేదు.

పది నిమిషాలు గడిచాయి. రైట్ అవుట్ కుర్రాడు గీత వెంట వచ్చాడు. ఉప్పలయ్య వాణ్ణి చూడనే లేదు. చేయి చాపితే అందేంత దగ్గర్లోంచి వాడు దాటిపోతుంటే, ఉప్పలయ్య ఇంకా బంతి ఎక్కడుందో వెతుకుతున్నాడు. గోలు పడింది. ఒకటి ఒకటి.

"ఏమైందన్నా? నిద్ర పోతానవా?" అని అరిచాను నేను. ఉప్పలయ్య తల వంచుకున్నాడు.

ఆ తర్వాత కాసేపటికి ఒక ఎత్తు బంతి వచ్చింది. ఉప్పలయ్య దాన్ని చూస్తూ తలెత్తి ముందుకు ఉరికాడు. ఎడమ పక్క నుంచి రైట్ అవుట్ కుర్రాడు అదే బంతి కోసం కాలు గాల్లోకి విసురుతూ వస్తున్నాడు. వాడి బూటు సరిగ్గా ఉప్పలయ్య ముఖం ఎత్తున ఉంది. ఉప్పలయ్య ఆగలేదు.

"ఉప్పలన్నా! అత్త! అత్తొచ్చింది, కూసో!"

మైదానం దద్దరిల్లింది. ఉప్పలయ్య ఉన్నపళాన కూలబడ్డాడు. బూటు ఆయన జుట్టును తాకుతూ పోయింది.

విజిలు మోగింది. కిషన్ రావు గోలు దగ్గరికి నడిచి వచ్చి చేయి బయటికి చూపించాడు. కరీం చేతి తొడుగులు విప్పి నా చేతిలో పెట్టి, తలొంచుకుని గీత దాటి పోయాడు. ముందువరస కుర్చీలోని పెద్దమనిషి గడియారం చూసుకుని లేచాడు.

అప్పటికి మా దగ్గర మార్చడానికి ఇంకెవరూ మిగల్లేదు. గోల్‌కీపర్ నేనే అయ్యాను. తర్వాత మా మీద రెండు గోల్స్ పడ్డాయి. రెండింటినీ నేను చాలా దగ్గర్నుంచి చూశాను.

నోటి దూలతో కప్పు పోగొట్టాడని ఊరంతా అనుకుంది. పేపర్లో కూడా అదే రాశారు. జట్టు పెద్దలు కరీంను ఏడాది పాటు పక్కన పెట్టారు. నేనైతే ఆయనతో మాట్లాడటమే మానేశాను. మాట్లాడని మనిషితో మాట్లాడటం మానేస్తే ఆయనకు తెలుస్తుందా అని అనుమానం వచ్చేది గానీ, చాయ్ దుకాణంలో నేను బల్ల మారి కూర్చున్నప్పుడు ఆయన ముఖంలో తెలిసేది.

ఆ సంవత్సరమే ఉప్పలయ్య వయసు మీద పడిందని ఆట మానేశాడు. మగ్గం కూడా వదిలి బట్టలు మడతపెట్టే సెక్షన్‌కు మారాడు. ఏడాది తర్వాత కరీం తిరిగి జట్టులోకి వచ్చి ఇంకో రెండేళ్లు ఆడాడు. ఆ రెండేళ్లూ గోలులో ఒక్క మాట మాట్లాడలేదు. బంతులు ఎప్పటిలాగే ఆపాడు. "బుద్ధొచ్చింది" అన్నారు జనం. కేసముద్రం హమాలీలు రావడం మానేశారు. తర్వాత ఆయన కూడా బూట్లు విప్పేశాడు.

1986లో నేను మిల్లు టైమాఫీసులో గుమాస్తాను. ఉప్పలయ్య కుడికంట్లో తెల్లగా పొర కమ్మిందని, ఊళ్లో ఉచిత కంటి శిబిరం పెట్టారంటే నేనే వెంటబెట్టుకుని పోయాను. డాక్టరమ్మ దీపం వేసి కుడికన్ను చూసింది, తర్వాత ఎడమ కన్ను చూసింది. మళ్లీ చూసింది.

"కుడికన్నుకు ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది. ఎడమది ఎలాగూ లేదు కదా. అది పోయి ఎన్నేళ్లయింది?"

"పన్నెండేండ్లయితాంది అమ్మా" అన్నాడు ఉప్పలయ్య.

పన్నెండేళ్లు. నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. నేను జట్టులోకి రావడానికి ముందు సంవత్సరం. బయటికి వచ్చి బల్ల మీద కూర్చున్నాక అడిగాను.

"అన్నా, మల్ల నువ్వు ఆడింది ఎట్ల? మగ్గం నడిపింది ఎట్ల?"

ఉప్పలయ్య చుట్టూ చూసి నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. డెబ్బై నాలుగులో మగ్గంలో దారాన్ని అటూ ఇటూ మోసే నాడె ఎగిరొచ్చి ఎడమ కణత మీద తగిలింది. పక్క మగ్గం మీదున్న కరీం భుజాన వేసుకుని దవాఖానకు తీసుకుపోయాడు. గాయం మానింది, కన్ను చూడటానికి మామూలుగానే ఉంది, చూపు మాత్రం పోయింది. ఒంటి కన్నువాణ్ణి మగ్గం మీద ఉంచుకోరు. ఇంట్లో ముసలి తల్లి, ముగ్గురు చిన్నపిల్లలు.

"అప్పుడు కరీమే అన్నడు యాదగిరీ. 'అన్నా, నువ్వు మ్యాచ్ ఆడుకుంటనే ఉండు. మిల్లు టీంల బ్యాక్ ఆడేటోనికి కన్ను లేదని ఎవడనుకుంటడు?' అన్నడు. మగ్గం అంటవా, చేతులకు ఎరికే. కష్టమైంది ఆటనే. మొదటి మ్యాచ్ల 'ఎడమ, ఎడమ' అని ఒర్రిండు. అందరు మా దిక్కే చూసుడు. గట్ల కాదని అత్తను పట్టుకొచ్చిండు. అత్తంటే ఎడమ దిక్కు మనిషి. బామ్మర్దంటే పైకెల్లి బంతి. ఊరికి పోయిందంటే నా దిక్కు ఎవలు లేరని."

"మల్ల బర్రెలు, బస్సులు, పత్తి?"

"గా నాలుగు మాటలే ఒర్రితె దొరుకుతం గద! అందుకే వాటి మీద ముచ్చట్లు కప్పిండు. అయ్యో, నువ్వు అంతకుముందు కరీంను చూడలే. నలుగుర్ల నోరు తెరువాల్నంటె చెమటలు పట్టేటియి. నా ఎడమ కన్ను వాని నోట్ల ఉండె యాదగిరీ."

అంటూనే ఆయన నా చేయి పట్టుకున్నాడు. "ఆఫీసుల చెప్తవా?"

"ఏం చెప్పాలె అన్నా? నాకు రెండు కండ్లున్నా గిన్నేండ్లు కనవడలే" అన్నాను.

అక్కణ్ణుంచి నేరుగా కరీం ఇంటికి పోయాను. ఏడేళ్లలో ఆ గడప తొక్కడం అదే మొదలు. ఆయన ఇంకా మిల్లు నుంచి రాలేదు. హలీమాబీ మంచినీళ్లిచ్చింది. సంగతి చెబితే ఆమె తలుపుకు ఆనుకుని నిలబడిపోయింది.

"అందుకా అన్నా!" అంది. "ప్రతి శనివారం పొద్దుమీకి నన్ను కూసవెట్టుకోని అడిగేటోడు. 'ఏమన్న ముచ్చట చెప్పు హలీమా, రేపు మ్యాచుంది' అని. వాడకట్టుల ఎవరింట్ల ఏమైందో అన్నీ చెప్పిచ్చుకోని, బడి పిలగాని లెక్క మనసుల చదువుకునేటోడు. నేను ముచ్చట్ల మీద షోకేమో అనుకున్న."

కరీం సైకిలు దిగి లోపలికి వచ్చాడు. నన్ను చూసి గుమ్మంలోనే ఆగాడు. నేను లేచి నిలబడ్డాను.

"భాయ్, ఎందుకు చెప్పలే? ఊరంత నిన్ను తిట్టిరి. నేను బల్ల మారి కూసుంటిని."

"చెప్తె ఉప్పలన్న కొలువు పోతుండె."

"స్టేట్ టీం పాయె గద!"

ఆయన చేతులు కడుక్కుని, తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"ఆడితె బాగుండు అనిపిచ్చింది యాదగిరీ. అబద్ధమెందుకు? మస్తు రోజులు అనిపిచ్చింది" అన్నాడు. తర్వాత చిన్నగా నవ్వాడు. "గని స్టేట్ టీంల లెఫ్ట్ బ్యాకుకు రెండు కండ్లుంటయి. ఆడ నేనేం మాట్లాడాలె?"

హలీమాబీ మా ఇద్దరికీ ఒకే పళ్లెంలో రొట్టెలు పెట్టింది.

వారం తర్వాత ఉప్పలయ్య కుడికన్నుకు ఆపరేషన్ అయింది. ఒక బడి హాలులో మంచాలు వేశారు. ఒక పక్క ఆడవాళ్లు, ఒక పక్క మగవాళ్లు, అందరి కళ్లకూ తెల్లటి కట్లు. ఐదు రోజులు కదలకూడదు, తల తిప్పకూడదు. ఉప్పలయ్యకు ఉన్న ఒక్క కన్నుకూ కట్టు కట్టేశారు కాబట్టి ఆయనకిప్పుడు పగలూ చీకటే. మంచం పట్టెను రెండు చేతులా గట్టిగా పట్టుకుని పడుకున్నాడు. నేను మధ్యాహ్నం పళ్లు తీసుకుని వెళ్లేసరికి, కరీం మిల్లుకు సెలవు పెట్టి ఆ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ మెల్లగా ఏదో చెబుతున్నాడు.

"గేటు కాడ ఒకాయన నిలబడ్డడన్నా. ఎర్ర రుమాలు. చేతుల డాక్టరమ్మ రాసిన మందుల చీటీ. ఆయన ఎవలతోనో ముచ్చట్ల పడ్డడు. ఎనుకకెల్లి మేకొస్తాంది. నల్ల మేక. ఒచ్చింది. చీటీ వాసన చూస్తాంది."

ఉప్పలయ్య పట్టె మీది చేతులు వదిలాడు. "ఆయన చూస్తలేడా?"

"ఎక్కడ చూస్తడు? మేక ఒక కొస నోట్ల వెట్టుకున్నది."

పక్క మంచం మీది కట్టు కళ్లాయన, "అయ్యో, పిలువుండ్రయ్యా ఆయనను!" అన్నాడు.

"పిలుస్తాన్నా ఇంటలేడు. సగం తిన్నది. కండ్ల చుక్కల మందు రాసిన కాడికి ఒచ్చింది. ఇగ చుక్కలు మేకకే ఎయ్యాలె."

హాలంతా నవ్వు. నర్సమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. "ఎవరయ్యా నవ్విస్తున్నది? నవ్వితే కంట్లో కుట్లు తెగుతాయని చెప్పాను కదా! నోరు మూసుకుని కూర్చోండి!"

కరీం టక్కున లేచి నిలబడి, మెడ దాకా ఎర్రబడి, చేతులు జోడించాడు. ఆడవాళ్ల వైపు చిట్టచివరి మంచం మీదినుంచి మొగిలమ్మ అనే ముసలామె కట్టు మీద అరచేయి అదిమిపెట్టుకుని గట్టిగా అరిచింది.

"కుట్లు నేను పట్టుకుంట గని నర్సమ్మా, ఆయన్ను జర చెప్పనియ్యి. మేక చీటీ మొత్తం తిన్నదా, లేదా?"